మాల తీసిన మర్నాడూ నిలిచే అలవాటు: పర్సనల్ ట్రైనర్లు క్లయింట్లను ఎలా నడిపించాలి

అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని ఎప్పుడైనా దగ్గరగా గమనించారా? అంతకు ముందు నెల వరకు ‘పొద్దున్నే లేవడం నా వల్ల కాదు’ అన్నవాడే తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకుంటాడు. సిగరెట్ ముట్టడు, మందు జోలికి పోడు, చెప్పులు లేకుండా ఆఫీసుకు వెళ్తాడు, నేల మీద చాప వేసుకుని పడుకుంటాడు. నలభై ఒక్క రోజులు ఇలాగే గడుపుతాడు. శబరిమల వెళ్లి వచ్చి మాల తీసిన వారానికి చూస్తే, చాలామంది మళ్లీ ఎనిమిదింటికి లేస్తుంటారు.

పర్సనల్ ట్రైనర్‌గా పని చేసే మీరు ఈ రెండు దశలనూ శ్రద్ధగా చూడాలి. దీక్షలో ఉన్నవాడు ప్రతి ఉదయం ‘లేవాలా, వద్దా’ అని తనతో తాను వాదించుకోడు. ఆ సంగతి మాల వేసుకున్న రోజే తేలిపోయింది. ఇంట్లో వంట మారుతుంది. ఎదురైన ప్రతివారూ ‘స్వామీ’ అని పిలుస్తారు. సాయంత్రం భజనకు తోటి స్వాములు ఉంటారు, సందేహం వస్తే గురుస్వామి ఉంటాడు. ఇవన్నీ కలిసి అతన్ని మోస్తాయి. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. దీక్ష ఆధ్యాత్మిక నియమం, దానికి ముగింపు ఉండడమే సబబు. వ్యాయామానికి మాత్రం అలాంటి ముగింపు తేదీ ఉండకూడదు.

జనవరిలో జిమ్‌లో చేరి ఫిబ్రవరి చివరికి కనిపించకుండా పోయే వారిని ‘ఆరంభశూరులు’ అని తేలికగా అనేస్తాం. నా అనుభవంలో తప్పు ఎక్కువసార్లు మన వైపే ఉంది. చప్పట్లు కొట్టి, గట్టిగా అరిచి, ఉత్సాహం నింపి పంపుతాం. రాత్రి సరిగా నిద్ర పట్టక, ఆఫీసులో చీవాట్లు తిని, ఏ ఉత్సాహమూ మిగలని మంగళవారం నాడు ఆ మనిషి ఏం చేయాలో మాత్రం చెప్పం. కింద చెప్పే పద్ధతి అంతా ఆ మంగళవారం కోసమే.

మొదటి అడుగు: తొలి రోజు బరువులు ముట్టుకోకుండా మాట్లాడండి

మొదటి సమావేశానికి నలభై నిమిషాలు కేటాయించండి. జిమ్ మధ్యలో, పాటల హోరులో వద్దు. పక్కన రెండు కుర్చీలు వేసుకోండి. ముందు ఆరోగ్య ప్రశ్నలు అడగాలి. గుండె జబ్బు ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల సమస్య ఉందా, బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నారా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి. దేనికైనా ‘అవును’ అంటే డాక్టరు అనుమతి వచ్చాకే శిక్షణ మొదలుపెట్టండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఆ తర్వాత అసలు ప్రశ్న. ‘ఎందుకు చేరారు?’ అంటే నూటికి తొంభై మంది ‘బరువు తగ్గాలి’ అంటారు. అక్కడితో ఆగితే మీకు ఏమీ తెలియనట్టే. యాభై ఆరేళ్ల ఒక గృహిణితో నా సంభాషణ ఇలా సాగింది:

‘బరువు తగ్గితే మీకు ఏమి మారుతుందమ్మా?’

‘మోకాళ్ల నొప్పులు తగ్గుతాయి కదా బాబూ.’

‘ఆ నొప్పి వల్ల ఇప్పుడు ఏ పని ఆగిపోయింది?’

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: ‘మా మనవరాలు నేల మీద కూర్చుని ఆడుకుంటుంది. నేను సోఫాలో కూర్చుని చూస్తుంటాను. కింద కూర్చుంటే లేవలేను.’

నోట్‌బుక్‌లో రాయాల్సిన మాట అదే. ‘పది కిలోలు తగ్గాలి’ అని రాస్తే ఆమెకు అది లెక్క మాత్రమే. ‘మనవరాలితో నేల మీద కూర్చోవాలి, చేయి ఆనించకుండా లేవాలి’ అని ఆమె మాటల్లోనే రాసి, ఆమెకు చదివి వినిపించండి. తర్వాత మీరు చేయించే ప్రతి కదలికనూ ఆ వాక్యానికి ముడి వేయవచ్చు.

మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. క్లయింటు తటపటాయించగానే ఉపన్యాసం అందుకుంటాం: షుగరు వస్తుంది, గుండెకు ముప్పు, ఇప్పుడు చేయకపోతే ఎప్పుడు చేస్తారు అంటూ. మనం మార్పు తరఫున వాదించిన కొద్దీ ఎదుటి మనిషి సహజంగానే రెండో పక్షం తీసుకుని, ఎందుకు కుదరదో చెప్పడం మొదలుపెడతాడు. తన వాదన తన చెవులతో తానే విని మరింత నమ్ముతాడు. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మద్యం మానలేని వారితో పని చేస్తూ ఈ సంగతి గమనించి, 1983లో ఒక సంభాషణ పద్ధతిని ప్రతిపాదించారు. తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. మార్పు ఎందుకు కావాలో క్లయింటు నోటి నుంచే రావాలన్నది దాని సారం.

అందులోంచి నేను రోజూ వాడే ఒక ప్రశ్న చెబుతాను. ‘సున్నా నుంచి పది వరకు చెప్పండి, వ్యాయామం మొదలుపెట్టడం మీకు ఎంత ముఖ్యం?’ అని అడగండి. ‘నాలుగు’ అన్నారనుకోండి. ‘ఎనిమిది ఎందుకు కాదు?’ అని అడిగితే సాకులు వస్తాయి. ‘నాలుగు అన్నారు, ఒకటి ఎందుకు అనలేదు?’ అని అడగండి. అప్పుడు ఆయన వెతుక్కుని కారణాలు చెబుతారు: మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, నాన్నగారికి ఇదే వయసులో గుండెపోటు వచ్చిందని. ఆ సమయంలో మీరు చేయాల్సింది నోరు మూసుకుని రాసుకోవడమే. మొదట్లో ఇది చాలా కష్టం, ఎందుకంటే సలహా ఇవ్వడానికే మనకు జీతం ఇస్తున్నారని అనుకుంటాం.

రెండో అడుగు: ఒక్క అలవాటు ఎంచుకుని, ఉన్న పనికి ముడి వేయండి

ఉత్సాహంగా వచ్చిన క్లయింటు అన్నీ ఒకేసారి అడుగుతారు: డైట్ చార్టు, వారానికి ఆరు రోజుల వర్కౌట్, రోజుకు పది వేల అడుగులు. ఇవ్వకండి. అది దీక్ష పద్ధతి. మొదటి నాలుగు వారాలకు జిమ్‌లో మీతో చేసేది కాకుండా, ఇంటి దగ్గర ఒక్క చిన్న పని చాలు.

(పది వేల అడుగుల గురించి ఒక మాట. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరానికి ‘పది వేల అడుగుల మీటరు’ అనే అర్థంలో ‘మాన్పో-కెయ్’ అని పేరు పెట్టారు. ఆ అంకె అలా ప్రచారంలోకి వచ్చింది. రోజుకు రెండు వేల అడుగులు నడిచే మనిషి మూడు వేలకు చేరితే అది నిజమైన ముందడుగు. ఫోనులో ఎర్ర గీత చూసి ఆయన చిన్నబోకుండా చూడడం మీ బాధ్యత.)

ఆ చిన్న పనికి గడియారం సమయం పెట్టకండి. రోజూ ఎలాగూ జరిగే పని పక్కన పెట్టండి. ‘రేపటి నుంచి వ్యాయామం చేస్తాను’ అనే తీర్మానం కన్నా ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే తేల్చుకున్నది ఎక్కువగా అమలవుతుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. మన ఇళ్లలో అలాంటి సందర్భాలకు కొదవ లేదు. నా క్లయింట్లు తమంతట తాము తయారు చేసుకున్నవి కొన్ని:

‘బాబును స్కూలు బస్సు ఎక్కించాక ఇంట్లోకి వెళ్లకుండా అటు నుంచి అటే పది నిమిషాలు నడుస్తాను.’

‘పొయ్యి మీద పాలు పెట్టాక, పొంగే వరకు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించుతాను.’

‘మధ్యాహ్నం క్యారేజీ మూత పెట్టాక, కుర్చీలో కూర్చునే ముందు మా అంతస్తు చుట్టూ రెండు సార్లు తిరుగుతాను.’

ఈ వాక్యం క్లయింటు చెప్పాలి, మీరు కాదు. మీరు చేయాల్సింది ఆయన రోజు ఎలా గడుస్తుందో నిద్ర లేచినప్పటి నుంచి అడిగి తెలుసుకోవడం. మాదాపూర్‌లో అమెరికా వేళలకు పని చేసే ఇంజనీరు రాత్రి రెండింటికి పడుకుంటాడు. అతనికి ఉదయం ఐదింటికి లేవమని చెప్పడం అన్యాయం. అతని పొద్దు పదింటికి మొదలవుతుంది, అతని అలవాటూ అక్కడే మొదలవ్వాలి. ‘బ్రాహ్మీ ముహూర్తంలో లేస్తేనే ఆరోగ్యం’ అని నమ్మే ట్రైనర్లు ఉన్నారు. వారి నమ్మకాన్ని గౌరవిస్తాను, కానీ క్లయింటు నిద్రను తీసి వ్యాయామానికి ఇవ్వడం నష్టపు బేరం.

వాక్యం తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ‘వచ్చే వారం ఐదు రోజులు ఇది చేయగలనని మీకు పదికి ఎంత నమ్మకం ఉంది?’ ఎనిమిది కన్నా తక్కువ చెబితే పనిని తగ్గించండి. పది నిమిషాలను ఐదు చేయండి, ఐదు రోజులను మూడు చేయండి. కొందరు ‘ఇంత చిన్నదా?’ అని నవ్వుతారు. నవ్వనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు. అది చేరవలసిన ఊరు, బయలుదేరే గడప వేరు.

మూడో అడుగు: తొలి రెండు వారాలు ‘ఇంకా చేయగలను’ అనిపించి పంపండి

నేను ఈ వృత్తిలోకి వచ్చిన మొదటి ఏడాది ఒక బ్యాంకు ఉద్యోగి చేరారు. నా సత్తా చూపించాలన్న ఆత్రంతో మొదటి రోజే ఆయన చేత వంద స్క్వాట్లు తీయించాను. మర్నాడు ఆయన మెట్లు దిగలేకపోయారు. వారం తర్వాత ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ మనిషి మళ్లీ ఏ జిమ్ గడపా తొక్కి ఉండరని ఇప్పటికీ బాధపడతాను. కొత్తగా మొదలుపెట్టిన వారికి ఒళ్లు నొప్పులు మర్నాడు మొదలై రెండు మూడు రోజుల వరకు ఉంటాయి. కొద్దిగా బిగుసుకుపోయినట్టు ఉంటే సరే, నడవలేనంత అయితే తప్పు మీదే.

నడకకు కొలమానం సులభం: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. బరువులకైతే ‘ఇంకో మూడు నాలుగు సార్లు ఎత్తగలను’ అనిపించే చోట ఆపించండి. ప్రతి రోజూ క్లయింటు కచ్చితంగా బాగా చేయగల ఒక కదలికతో మొదలుపెట్టి, అలాంటిదే ఇంకొకటి చివర పెట్టండి. తనకు చేతనవుతోందన్న భావమే మనిషిని రేపు మళ్లీ రప్పిస్తుంది. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వవేత్తలు మనిషి లోపలి నుంచి వచ్చే ప్రేరణకు మూడు అవసరాలు చెప్పారు: నిర్ణయం తనదేనన్న భావం, చేతనవుతోందన్న భావం, తోటివారితో అనుబంధం. తొలి రెండు వారాల్లో రెండోదాన్ని దెబ్బ తీస్తే మిగిలిన రెండూ నిలబడవు.

పెద్ద వయసువారితో మాట్లాడేటప్పుడు మన మాటలు వాడి చూడండి. ‘పుషప్’ అంటే బెదిరే అరవై ఏళ్ల పెద్దాయన ‘దండాలు’ అనగానే ‘మా ఊరి తాలింఖానాలో తీసేవాళ్లం’ అంటారు. స్క్వాట్లు అంటే తెలియనివారికి బస్కీలు తెలుసు. కొత్త విద్య నేర్చుకుంటున్నామన్న జంకు పోయి, పాత స్నేహం కలిసినట్టు ముఖం వికసిస్తుంది.

బరువులు ఎత్తితే మగవాళ్లలా అయిపోతామని భయపడే స్త్రీలు ఇప్పటికీ వస్తారు. వాదించకుండా రెండు కిలోల డంబెల్ చేతికిచ్చి, ‘ఇది మీ ఇంటి బియ్యం సంచి కన్నా చాలా తేలిక’ అని చెప్పండి. తర్వాత ఎప్పుడైనా కరణం మల్లీశ్వరి సంగతి గుర్తు చేయండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. మన ఆడవారి చేతుల్లో బరువు కొత్త కాదు. ఇంకొకటి: భంగిమ సరిచేయడానికి ఎవరినైనా తాకాల్సి వస్తే ముందు అడగండి, ప్రతిసారీ అడగండి.

నాలుగో అడుగు: తిండి విషయంలో వంటింటిని కలుపుకోండి

ఇక్కడే ఎక్కువ మంది ట్రైనర్లు క్లయింటును పోగొట్టుకుంటారు. ‘అన్నం మానేయండి’ అనే ఆజ్ఞ తెలుగు ఇంట్లో పది రోజులు కూడా నిలవదు. మానేసిన మనిషి పదకొండో రోజు ముద్దపప్పు, ఆవకాయ చూసి ఆగలేక తిని, తన మీద తానే అసహ్యం పెంచుకుంటాడు. ఆ అసహ్యం వ్యాయామాన్ని కూడా మింగేస్తుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. రోజుకు రెండు వేల కేలరీల భోజనానికి అది చూపిన నమూనాలో ధాన్యాలు సుమారు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, పండ్లు కలిపి 500 గ్రాములు. అంటే అన్నం శత్రువు కాదు. మన కంచంలో అన్నం కొండలా ఉండి, కూర దాని పక్కన బొట్టులా ఉండడమే చిక్కు. కాబట్టి క్లయింటుకు మానేసేది చెప్పకుండా చేర్చేది చెప్పండి. ‘మధ్యాహ్నం ముందు కూర వడ్డించుకోండి, తర్వాత అన్నం’ అన్న ఒక్క మాట నెల రోజులకు చాలు. రెండో నెలలో పప్పు పలుచన తగ్గించి, గరిటె పెంచమనండి. పెసరట్టు, ఉడికించిన శనగలు, గుడ్డు, పెరుగు లాంటి ఇంట్లో ఉన్నవే వాడండి. డబ్బాల్లో పొడులు అమ్ముకునే పని పెట్టుకుంటే మీ మాట మీద నమ్మకం పోతుంది.

మీ ఎదురుగా కూర్చున్న మగ క్లయింటుకు తన కంచంలోకి ఏం వస్తుందో చాలాసార్లు తెలియదు. వండేది తల్లో, భార్యో, వంటమనిషో. ఆయనకు చార్టు ఇస్తే అది జేబులోనే నలిగిపోతుంది. ‘ఇంట్లో వంట చేసేవారితో ఒకసారి ఫోనులో మాట్లాడవచ్చా?’ అని అడగండి. మాట్లాడినప్పుడు వారి వంటను తప్పు పట్టకండి. ‘అమ్మా, మీరు చేసే బీరకాయ కూర అంటే సారుకు ఇష్టమట. ఇంకొంచెం ఎక్కువ చేసి క్యారేజీలో పెట్టగలరా?’ అంటే ఆమె మీ పక్షం అవుతుంది. ‘నూనె తగ్గించండి’ అని మొదలుపెడితే, కొడుకును చిక్కి శల్యం చేస్తున్నాడని మీ మీదే కోపం పెట్టుకుంటుంది.

గృహిణి మీ క్లయింటు అయితే కష్టం వేరు. అందరికీ పెట్టి చివర తింటుంది. మిగిలిన అన్నం పారేయలేక ఆకలి లేకపోయినా తినేస్తుంది. ఉదయం పదకొండు వరకు రెండు కాఫీలతోనే గడుపుతుంది. ఆమెకు కేలరీల పాఠం అక్కర్లేదు. ‘పిల్లల టిఫిను కట్టేటప్పుడే మీ ప్లేటు కూడా పెట్టి మూత వేయండి’ అని చెప్పండి. తనకోసం ఒక ప్లేటు ముందుగా తీసి ఉంచుకోవడం చాలామందికి పెద్ద మార్పు. ఒకామె ఆ సంగతి చెబుతూ నా ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు.

మూత్రపిండాల జబ్బు, గర్భం, షుగరుకు ఇన్సులిన్ వంటి పరిస్థితులు ఉంటే తిండి సంగతి డైటీషియనుకు అప్పగించండి. ఇన్సులిన్ వాడేవారికి వ్యాయామం వల్ల చక్కెర పడిపోవచ్చు, కాబట్టి గ్లూకోజు పొడి ఎప్పుడూ మీ దగ్గర ఉంచండి.

ఐదో అడుగు: లెక్క గోడ మీద ఉండనివ్వండి

ఫోను యాప్‌లు వద్దని కాదు, కానీ మన ఇళ్లలో అంతకన్నా పాత సాధనం ఉంది. వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు మీద పాల లెక్క, గ్యాసు సిలిండరు మార్చిన తేదీ, పనిమనిషి రాని రోజులు రాసుకుంటారు. అదే గడిలో, చిన్న పని చేసిన రోజున ఒక టిక్కు పెట్టమనండి. ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. ఒకరోజు టిక్కు లేకపోతే ‘అమ్మమ్మా, ఇవాళ నడవలేదేం?’ అని మనవరాలే అడుగుతుంది.

వరుసగా ఎన్ని రోజులు చేశారన్న లెక్క పెట్టకండి. ఒక్కరోజు తప్పగానే ఆ లెక్క సున్నాకు పడిపోతుంది, దాంతో మనసూ పడిపోతుంది. వారానికి ఎన్ని టిక్కులు అన్నది చూడండి. గత వారం మూడు, ఈ వారం నాలుగు అంటే చాలు.

‘ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అని క్లయింట్లకు మాట ఇవ్వకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించి చేసిన అధ్యయనంలో, ఒక పని ఆలోచన లేకుండా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి 18 రోజుల్లోనే వచ్చింది, కొందరి వేగాన్ని బట్టి 254 రోజుల వరకు పట్టవచ్చని లెక్క వచ్చింది. నీళ్లు తాగడం లాంటివి త్వరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా కుదురుకుంటాయి. మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద తేడా రాలేదన్నది అందులో నాకు అన్నింటికన్నా విలువైన మాట. దాన్ని ప్రతి క్లయింటుకూ మొదటి వారంలోనే చెబుతాను.

బరువు తూచే యంత్రాన్ని కొంచెం దూరంగా పెట్టండి. ఉప్పు, నీరు, నెలసరి వల్ల ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. నెలకోసారి టేపుతో నడుము కొలవండి. మన దేశపు పెద్దలలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. అంతకన్నా ముఖ్యం, మొదటి రోజు రాసుకున్న వాక్యం. నేల మీద నుంచి లేవడానికి అప్పుడు రెండు చేతులూ ఆనించారు, ఇప్పుడు ఒక చేయి చాలుతోందా?

ఆరో అడుగు: తప్పిపోయే రోజులకు ముందే దారి వేయండి

పండుగలు, పెళ్లిళ్లు అనుకోకుండా వచ్చేవి కావు. క్లయింటుతో కూర్చుని రాబోయే మూడు నెలల క్యాలెండరు తిరగేయండి. సంక్రాంతికి ఊరు వెళ్తారా? అరిసెలు, సకినాలు ఎదురుగా ఉంటాయి, తినాల్సిందే. రంజాను నెలలో ఉపవాసం ఉంటారా? అయితే వ్యాయామ వేళ మారాలి, భారం తగ్గాలి. మార్చి నెలాఖరులో అకౌంట్స్ విభాగం వారికి ఊపిరి ఆడదు. అలాంటి రోజుల కోసం అలవాటుకు ఒక ‘చిన్న రూపం’ తయారు చేసుకోండి. అరగంట నడిచే మనిషికి ఐదు నిమిషాలు, ఇరవై బస్కీలు తీసే మనిషికి ఐదు. పెళ్లింట్లో కూడా అది సాధ్యమే. అలవాటు ప్రాణంతో ఉంటే చాలు, పండుగ వెళ్లాక బలం అదే వస్తుంది.

అయినా తప్పుతారు. ఒక్కసారి రాకపోతే ఊరుకోండి. వరుసగా రెండోసారి రాకపోతే ఆ సాయంత్రమే పలకరించండి. వారం ఆలస్యమైతే సిగ్గు గట్టిపడిపోతుంది, ఇక రారు. పంపే సందేశంలో ప్రతి మాటా చూసుకోండి. ‘సార్, మూడు రోజులుగా రావడం లేదు, ఇలా అయితే ఫలితం ఉండదు’ అన్న సందేశం చూసి ఎవరూ రారు, ఫోను బోర్లా పెడతారు. నేను ఇలా పంపుతాను: ‘నమస్తే సార్. ఈ వారం పని ఎక్కువగా ఉన్నట్టుంది. రేపు సాయంత్రం ఇరవై నిమిషాలు తేలికగా చేద్దాం. ఆరున్నరా, ఏడా, మీకు ఏది వీలు?’ ఇందులో నింద లేదు. పని చిన్నది. ఎంచుకునేది ఆయనే.

తిరిగి వచ్చిన రోజు ‘ఏమైపోయారు?’ అని అందరి ముందు అడగకండి. ‘వచ్చారు, సంతోషం’ అని చెప్పి పని మొదలుపెట్టండి. చివర విడిగా కూర్చుని, ‘ఏ రోజు మొదట తప్పింది? ఆ రోజు ఏం జరిగింది?’ అని అడగండి. నూటికి ఎక్కువ పాళ్లు కారణం బద్ధకం కాదు. పిల్లాడికి జ్వరం, అత్తగారి రాక, బస్సు వేళ మార్పు. సందర్భం మారితే దానికి కట్టిన ముడి ఊడుతుంది. కొత్త సందర్భం వెతికి మళ్లీ ముడి వేయండి. కారణం ఏమీ చెప్పలేక, నిద్ర లేదంటూ, దేని మీదా ఆసక్తి లేదంటూ నెలల తరబడి నీరసంగా ఉంటే మాత్రం అది మీ పరిధి దాటిన విషయం. మెల్లగా డాక్టరు దగ్గరికి పంపండి.

ఏడో అడుగు: మెల్లగా పక్కకు తప్పుకోండి

చాలామంది ట్రైనర్లకు ఇది మింగుడు పడదు. క్లయింటు మన మీద ఆధారపడితేనే నెల జీతం వస్తుందన్న భయం నాకూ ఉండేది. కానీ మీరు ఊరు వెళ్లిన వారం ఆయన ఏమీ చేయలేకపోతే, దీక్షలో గురుస్వామి లేకుండా పోయినట్టే.

మూడో నెల నుంచి బాధ్యత చేతులు మార్చండి. మొదటి పది నిమిషాల ఒళ్లు వేడెక్కించే కసరత్తు తనే చేసుకోవాలి, మీరు చూస్తూ ఉండాలి. నాలుగో నెలలో వారం ప్రణాళిక తనే రాసి తేవాలి. తప్పులుంటే సరిదిద్దండి, మొత్తం మార్చేయకండి. ఇదే సమయంలో తోడు వెతకండి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకో ఇందిరా పార్కుకో, విశాఖలో రామకృష్ణా బీచికో ఉదయం వెళ్తే, ఏళ్ల తరబడి కలిసి నడుస్తున్న గుంపులు కనిపిస్తాయి. వర్షం పడినా వస్తారు, ఎందుకంటే రాకపోతే నలుగురు అడుగుతారు. మీ ఇద్దరు ముగ్గురు క్లయింట్లు ఒకే కాలనీ వారైతే, వారి అంగీకారంతో పరిచయం చేయండి. విదేశాల్లో ఉండి వీడియోలో మీ దగ్గర నేర్చుకునే తెలుగువారికి ఇది మరీ అవసరం. అక్కడి చలికాలంలో బయట పలకరించే మనిషి కూడా ఉండడు, అదే వేళకు ఇంకో ఊరి నుంచి వీడియోలోకి వచ్చే తోడు ఉంటే పట్టుకొమ్మ దొరికినట్టు ఉంటుంది.

చివరి రోజున క్లయింటుకు ఒక కాగితం ఇవ్వండి. మొదట చెప్పిన ఆ గృహిణే అనుకోండి. ఒకవైపు మొదటి రోజు ఆమె చెప్పిన వాక్యం, రెండో వైపు చిన్న రూపంతో సహా ఆమె వారం. మీ ఫోనులో నెల తర్వాతి తేదీకి గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఫోను చేసినప్పుడు బరువు ఎంత అని అడగవద్దు. ‘మంగళవారాలు ఎలా గడుస్తున్నాయమ్మా?’ అని అడగండి. ఆలోచించి, లెక్కపెట్టి చెబితే ఇంకొన్నాళ్లు తోడు కావాలని అర్థం. ఒక పూట కూర్చుని మళ్లీ రెండో అడుగు నుంచి చూడండి. నడక సంగతి ఒక్క మాటలో తేల్చేసి, ఆమె మనవరాలు నేల మీద పరిచిన బొమ్మల గురించి చెప్పడం మొదలుపెడితే, వినండి.